వేడిని మోసే నీరు

విద్యుద్దీపం వెలిగే ప్రతి ఇంటిలోను పిల్లలకు మొట్టమొదట నేర్పే శాస్త్రపాఠం ఒకటే: తడిచేతితో స్విచ్చి ముట్టరాదు. బడిలో వోల్టు అనే మాట వినకముందే, నీటికీ విద్యుత్తుకూ పొత్తు కుదరదని బాలుడు పెద్దల మందలింపుల వలన తెలుసుకొంటాడు. అట్టి ఇంటిలోనే పెరిగి, ఇంజనీరింగు చదువుతున్న యువకు డొకడు, చిరకాలం కూడబెట్టిన సొమ్ముతో కొన్న కంప్యూటరు పెట్టెలోనికి గొట్టాలు అమర్చి నీరు పారించబోతున్నాడనుకొనవచ్చును. ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడుట సహజమే. "కరెంటు పెట్టెలో నీళ్ళేమిట్రా నాయనా!" అని నాయనమ్మ అడుగుతుంది. ఆ ప్రశ్న తీసివేయదగినది కాదు. దానికి సరియైన సమాధానం తెలిసినవాడే ఆ పనికి పూనుకొనుటకు అర్హుడు.

సమాధానం వేడితో మొదలుకావలెను. కంప్యూటరు ఆటలో కనిపించే కొండలు, కోటలు, యుద్ధరంగాలు అన్నీ లెక్కలే. తెరమీది చిత్రం సెకనుకు 60 సార్లో, అంతకు మించియో మారుతుంది. మారిన ప్రతిసారీ లక్షలాది బిందువులకు వెలుగునీడలు ఎంతెంతో గణించి తేల్చవలెను. ఈ గణనానికి పుచ్చుకొన్న విద్యుచ్ఛక్తి ఆటలో కరిగిపోదు. దాదాపు అంతయు వేడిగా మారి వెలికి వస్తుంది. 1971లో ఇంటెల్ సంస్థ అమ్మకానికి పెట్టిన 4004 అనే చిప్పులో ఉన్నవి 2,300 ట్రాన్సిస్టర్లు. 2022లో వచ్చిన ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4090 కార్డులోని చిప్పులో 7,600 కోట్లకు పైగా ఉన్నవి. ఆ కార్డు పుచ్చుకొనగలిగిన విద్యుత్తు 450 వాట్లు. 2025లో వచ్చిన 5090 కార్డుకు 575 వాట్లు. ఇంటి ఇస్త్రీపెట్టె అంతకంటె ఎక్కువే పుచ్చుకొనవచ్చును గాని, ఆ వేడిని అరచేతికంటె పెద్దదైన పలకమీద పరచుకొంటుంది. ఇక్కడ ఆ వేడిలో అధికభాగం తపాలా బిళ్ళంత చోటినుండి పుట్టుకొని వస్తుంది. దానిని వెంటనే తొలగించనిచో చిప్పు తన్ను తాను కాపాడుకొనుటకై వేగం తగ్గించుకొంటుంది; అప్పటికిని తగ్గనిచో ఆగిపోతుంది.

వేడిని తొలగించుటకు సామాన్యోపాయం లోహపు రెక్కల దిమ్మ, దానిపై ఒక ఫ్యాను. చాలా కంప్యూటర్లకు ఇది చాలును. ఈ సంగతి దాచరాదు. మధ్యరకపు యంత్రానికి నీటి ఏర్పాటు పెట్టుట అవసరం కాదు, ముచ్చట మాత్రమే. కాని గాలికి మోయగల శక్తి తక్కువ. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కుటకు పుచ్చుకొనే ఉష్ణం, ఒక లీటరు గాలి పుచ్చుకొనేదానికి సుమారు 3,500 రెట్లు. అందుచేత గాలి పెద్ద చప్పుడుతో చేసే పనిని నీరు సద్దు లేకుండ చేయగలదు. బడిలో విశిష్టోష్ణం అనే పేరిట రెండు మార్కులకు కంఠస్థం చేసిన పాఠం ఇదే.

ఈ ఉపాయం నేటిది కాదు. 1960వ దశకంలోనే ఐ.బి.ఎం. సంస్థ తన సిస్టమ్/360 శ్రేణిలోని మోడల్ 91 యంత్రాన్ని నీటితో చల్లబరచినది. 1985లో వచ్చిన క్రే-2 మహాయంత్రంలో మరొక అడుగు ముందుకు వేసి, విద్యుత్తును ప్రవహింపనీయని ఫ్లోరినెర్ట్ అనే ద్రవంలో యంత్రభాగాలనే ముంచినారు. అవి ప్రయోగశాలల యంత్రాలు. సామాన్యుల ఇండ్లకు ఈ విద్య వచ్చిన త్రోవ వేరు. 1998లో ఇంటెల్ విడుదల చేసిన సెలెరాన్ 300ఎ అనే చవుక ప్రాసెసరును 300 మెగాహెర్ట్జులకు బదులు 450 వద్ద నడపవచ్చునని ఔత్సాహికులు కనుగొన్నారు. వేగం పెంచే తహతహతో వేడి పెరిగినది. అప్పటికి ఇంటి కంప్యూటరుకు తగిన నీటి సామగ్రి అంగళ్ళలో సులభంగా దొరికేది కాదు. చేపల తొట్టి పంపు, పాత కారులో లోపలివారికి వెచ్చదనమిచ్చే చిన్న రేడియేటరు, రాగిదిమ్మకు తామే తొలిచిన రంధ్రాలు — వీటితోనే పాశ్చాత్యదేశాల కుర్రవాండ్రు పని సాధించినారు. నేడు అంగడిలో అమ్మే మెరుగు సామాను అంతయు ఆ మోటు ప్రయత్నాల సంతానమే.

నేటి యువకుడు సికిందరాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో దుకాణం వెంట దుకాణం తిరిగి భాగాలు సమకూర్చుకొనవచ్చును. దొరకనివి తపాలాలో తెప్పించుకొనవచ్చును. కావలసినవి ఐదు. మొదటిది వాటర్ బ్లాకు: చిప్పుకు ఆనించి బిగించే రాగిదిమ్మ; దాని లోపల వెంట్రుకలవంటి సన్నని గాళ్ళు ఉంటవి. రెండవది పంపు. మూడవది ద్రవం నింపే తొట్టి. నాలుగవది రేడియేటరు, దానికి ఫ్యానులు. ఐదవది వీటిని కలిపే గొట్టాలు, బిగింపులు. బస్సు ముందుభాగాన రేడియేటరులో డ్రైవరు నీళ్ళు పోయుట చూచినవారికి ఈ ఏర్పాటు కొత్త కాదు. అక్కడ ఇంజను, ఇక్కడ చిప్పు. మిగిలిన కథ ఒకటే.

మొదటిసారి చేసేవాడు సామాన్యంగా పొరపడేది ఈ భాగాల ఎంపికలోనే. రాగి బ్లాకుకు అల్యూమినియం రేడియేటరు చవుకగా దొరికినదని కలిపినచో, రెండు లోహాలు ఒకే ద్రవంలో మునిగి చిన్న బ్యాటరీవలె పనిచేస్తవి. కొంతకాలానికి అల్యూమినియం తినుకొనిపోతుంది. ఇదియు బడిపాఠమే. కుళాయినీరు, బోరునీరు పోయుట మరొక తప్పు. వాటిలోని లవణాలు గాళ్ళలో పొలుసు కట్టి దారి మూసివేస్తవి. అందుచేత స్వేదనజలాన్నే పోసి, నాచు పట్టకుండ, లోహం తుప్పుపట్టకుండ తగిన మందులు కలుపుతారు. లేదా ఈ పనికై తయారుచేసిన ద్రవాన్ని కొంటారు. శుద్ధజలం విద్యుత్తును మిక్కిలి స్వల్పంగానే ప్రవహింపనిస్తుంది గదా, ఒలికినా భయమేల అని కొందరు తలుస్తారు. లోహాలను తాకి తిరిగిన నీరు ఎల్లకాలం శుద్ధంగా ఉండదు; బోర్డుమీది దుమ్ములో కలిసిన చుక్క అసలే ఉండదు.

కూర్పు మొదలుపెట్టిన నాడు చేతులు వణకవలసిన ఘట్టం ఒకటి వస్తుంది. గ్రాఫిక్స్ కార్డుకు తయారీదారు బిగించిన ఫ్యానులను, లోహపు రెక్కలను విప్పవలెను. కార్డు ఒక్కటే లక్ష రూపాయలు దాటిన వస్తువు. విప్పిన తరువాత పూచీ వహింపమని చెప్పే తయారీదారులు కొందరున్నారు. మర మర విడిచి, పాత పేస్టును తుడిచి, కొత్తది పలుచగా పూసి, రాగిబ్లాకును నాలుగు మూలలా సమానంగా బిగించవలెను. ఒక మూల ముందే గట్టిగా బిగించినచో చిప్పు అంచు చిట్లవచ్చును. ఇక్కడ బలంతో పని లేదు. హార్మోనియం మెట్టుమీద వ్రేలు మోపేటంత ఒడుపు కావలెను.

పంపు విషయంలో నియమం మరొకటి. ఇందులో వాడే పంపులకు నీరే చల్లదనం, నీరే కందెన. ఎండిపోయి తిరిగినచో స్వల్పకాలంలోనే చెడుతుంది. కనుక తొట్టి పంపుకంటె ఎత్తున ఉండవలెను, నీరు తనంతట తానే పంపులోనికి దిగవలెను.

ఇక అసలు పరీక్ష. నీరు నింపునప్పుడు కంప్యూటరు నడువరాదు. మదర్‌బోర్డుకు, కార్డుకు, ప్రాసెసరుకు పోవు విద్యుత్తు తీగలన్నీ ఊడదీసి, ఎస్.ఎం.పి.ఎస్.కు పంపు తీగ ఒక్కటే తగిలిస్తారు. బోర్డు లేకుండ ఎస్.ఎం.పి.ఎస్. మేలుకొనదు గనుక, అందుకై అమ్మే చిన్న జంపరు బిరడాను పెద్ద ప్లగ్గుకు పెడతారు. ప్రతి కీలుక్రింద తెల్లని టిష్యూ కాగితం పరుస్తారు. తొట్టిలో ద్రవం పోసి, పంపును కాసేపు తిప్పి, ఆపి, మరల పోస్తారు. గాలిబుడగలు గలగలలాడుతూ తిరుగుతవి. పెట్టెను అటు ఇటు వంచినకొద్దీ అవి తొట్టిలోనికి చేరి పగులుతవి. తరువాత పంపును అట్లే 24 గంటలు తిరుగనిస్తారు. చేయవలసినది ఏమియు లేదు. చూడవలసినది మాత్రం ఉన్నది.

మొదటిసారి చేసేవానికి ఈ ఒక్కదినం, అంతకుముందు సామాను కొరకు ఎదురుచూచిన నెలలకంటె పొడుగు. మూడవ గంటకు కార్డు క్రింది కాగితంమీద గోరంత మచ్చ కనిపించినదనుకొనవచ్చును. పోసేటప్పుడు ఒలికిన చుక్క కావచ్చును. కాగితం మార్చి చూస్తాడు. మరల మచ్చ. ఇప్పుడు రెండు దారులు. బిగింపును మరికాస్త త్రిప్పి, సరిపోయిందిలే అని ఊరట చెందుట ఒకటి. ద్రవమంతా దింపి, కీలు విప్పి, లోపలి రబ్బరు వలయాన్ని చూచుట మరొకటి. విప్పి చూచినవానికి ఆ వలయం మెలిపడి మరచుట్లలో నలిగియుండుట కనబడుతుంది. ఎంత బలంగా బిగించినా అది నీటిని ఆపదు, ఇంకను నలుగుతుంది. వలయం మార్చి, చేతితో చాలినంత బిగించి, ద్రవం నింపి, గడియారం మరల మొదటినుండి లెక్కపెట్టవలెను. గడచిన మూడు గంటలు లెక్కకు రావు. రాత్రి ఎవరూ చూడకుండ ఆ కాగితం తీసివేయుట సులభమే. కాని మోసపోయేది చూచేవారు కారు, లక్ష రూపాయల కార్డు.

మరునాటికి కాగితాలన్నీ పొడిగా ఉన్నవి. తీగలు తగిలించి, మీట నొక్కినాడు. తెర వెలిగినది. ఆట మొదలైనది. ఫ్యానులు మెల్లగా తిరుగుతున్నవి, చప్పుడు లేదు. అతడు ఆటకంటె ఎక్కువగా మూలనున్న ఉష్ణోగ్రత అంకెలను చూస్తున్నాడు. అవి అతనికి రెండు వింతలు చెప్పుతవి.

మొదటిది: చిప్పును తాకి వచ్చిన నీరు సలసల కాగుతూ రాదు. నిమిషానికి 4 లీటర్ల చొప్పున తిరిగే నీటిలోనికి 500 వాట్ల వేడి చేరినచో, ఒక చుట్టులో నీరు వేడెక్కేది రెండు డిగ్రీలకు లోపే. విద్యార్థులు కాగితంమీద లెక్కవేసి చూడవచ్చును. అదే 500 వాట్లు, రేడియేటరు అనేది లేక, 30 డిగ్రీల లీటరు నీటిలోనే నిలిచిపోయినచో, పది నిమిషాలు నిండకముందే నీరు మరిగే స్థితికి వస్తుంది. పని అంతా పోగొట్టుటలో ఉన్నది గాని పుచ్చుకొనుటలో లేదు.

రెండవది: నీరు గదిలోని గాలికంటె చల్లబడదు. రేడియేటరు పెద్దదైనకొద్దీ గది ఉష్ణోగ్రతకు దగ్గరగా వస్తుంది, దానిని దాటి క్రిందికి పోదు. శీతకాలంలో 22 డిగ్రీల గదిలో 32 వద్ద ఉన్న నీరు, వేసవిలో 40 డిగ్రీల గదిలో అదే ఆటకు 50 వద్ద ఉంటుంది. పంపులు, గొట్టాలు అనేకం 60 డిగ్రీలవరకే తగినవి. కనుక రెంటచింతల ఎండలు ఎరిగిన దేశంలో రేడియేటరు ఎంపికలో పిసినితనం పనికిరాదు. మట్టికుండలో నీరు గాలికంటె చల్లగా ఉండుట లేదా అని అడుగవచ్చును. కుండ చెమర్చుతుంది, ఆ చెమ్మ ఆవిరియై పోతూ లోపలి వేడిని తీసుకొనిపోతుంది. మూసిన గొట్టాలకు చెమట లేదు. పోనీ మంచుగడ్డలు వేసి చల్లబరుతమన్నచో, ఐసునీళ్ళ గ్లాసు వెలుపల పట్టినట్లే గొట్టాల వెలుపల, బ్లాకు చుట్టును చెమ్మ పడుతుంది. 24 గంటలు కాపలా కాచి లోపలినుండి రానీయని నీటిని గాలినుండి పిలిచినట్లవుతుంది.

ఆ సాయంకాలం నాయనమ్మ గదిలోనికి వచ్చినది. మనుమడు చెప్పినాడు: "నీళ్ళు చల్లబరచవు నాయనమ్మా. అక్కడి వేడిని మోసుకొచ్చి ఇక్కడ దింపుతాయి, అంతే." ఆమె రేడియేటరు వెనుక చేయి పెట్టి చూచినది. వెచ్చని గాలి తగిలినది. "అయితే వేడంతా ఈ గదిలోనే ఉన్నది గదరా!" అన్నది.

శక్తి నశించదు, రూపం మాత్రం మారుతుందని పుస్తకాలు చెప్పేది ఆ మాటే. 500 వాట్లు పుచ్చుకొన్న యంత్రం, లోపల గాలి ఉన్నా నీరున్నా, గదికి 500 వాట్ల వేడినే ఇస్తుంది. ఆ వాక్యాన్ని మనుమడు ఎన్నో పరీక్షలలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నాడు. దాని అర్థం మాత్రం, తన సొమ్ము తడిసిపోవునేమో అని కాగితపు ముక్కలను చూస్తూ కూర్చున్న ఆ రాత్రి, నాయనమ్మ అరచేయి చాచిన ఆ సాయంకాలం కలిసి నేర్పినవి. అతడు లేచి కిటికీ తలుపులు తెరిచినాడు.