బండి వణుకు ఏం చెబుతుంది?

"ఈ తిరగలి మీద కూర్చుని తిరుపతి దాకా నేను రాలేనురా" అంది మా అమ్మ. ఆవిడకు 80 దాటాయి, పైగా నడుము నొప్పి. చెన్నైలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా మా పాత మూడు సిలిండర్ల కారులో సీటూ స్టీరింగూ గడగడలాడేవి. ఒక వర్క్‌షాపు వారు ఇంజను విప్పాలన్నారు. ఖర్చుకు జడిసి దళసరి మ్యాట్లు పరిపించాను. చప్పుడు తగ్గింది గాని వణుకు తగ్గలేదు.

చివరికి మా వీధి మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "ఇంజను బాగానే ఉంది సార్, దాన్ని మోసే రబ్బరు చచ్చిపోయింది" అన్నాడు.

కామర్సు చదివిన నాకు అతను చెప్పిన లెక్క నచ్చింది. ఇలాంటి ఇంజను రెండు చుట్లు తిరిగితే మూడుసార్లు పేలుతుంది. నిమిషానికి 800 చుట్లంటే సెకనుకు 20 కుదుపులు. వాటిని బాడీకి అందకుండా ఆపేవే మౌంటింగు రబ్బర్లు. 1931లోనే అమెరికాలో ప్లిమత్ కారు ఇంజనును రబ్బరు మీద తేలేలా అమర్చారు. రబ్బరు గట్టిపడినా, చిట్లినా కుదుపంతా మన నడుముకే. గేరుబాక్సుకు పోయే కుదుపును క్లచ్ ప్లేటులోని స్ప్రింగులు మింగుతాయి.

వణుకును పుట్టినచోటే తగ్గించే ఉపాయమూ ఉంది. మన చెన్నైలో 1955 నుంచి తయారైన బుల్లెట్టు 'డుగ్గు డుగ్గు' తెలియనిదెవరికి? అదే కంపెనీ 2020లో తెచ్చిన మీటియర్ 350లో బ్యాలెన్సర్ షాఫ్టు పెట్టింది. ఇంజను తిరిగే వేగంతోనే, ఎదురు దిశలో తిరిగే బరువు అది. మా బ్యాంకు భాషలో కాంట్రా ఎంట్రీ!

మీ బండి వణుకుతుంటే ముందు ఎప్పుడు వణుకుతోందో గమనించండి. ఆగి ఉన్నప్పుడైతే మౌంటింగులు, స్పార్క్ ప్లగ్గులు చూపించండి. ఒక వేగం దాటాకే అయితే చక్రాల బ్యాలెన్సింగు, డ్రైవ్ షాఫ్టులు చూపించండి. క్లచ్ వదిలేటప్పుడు మాత్రమే అయితే క్లచ్ ప్లేటు మీద అనుమానపడాలి. ఆ తర్వాతే ఇంజను విప్పే మాట.

నేను చేసిన తప్పు మ్యాట్లు పరవడం. చప్పుడు బండి చెప్పుకునే బాధ. దాని నోరు మూస్తే జబ్బు నయం కాదు.

రబ్బర్లు మార్చిన వారానికి తిరుపతి బయలుదేరాం. పుత్తూరు దాటేసరికి వెనక సీట్లో అమ్మ హాయిగా నిద్రపోయింది.