డబ్బా మీద చీటీ

మార్గశిరం వచ్చిందంటే మా ఇంట్లో ఆడవాళ్ళందరి మడమలూ ఒక్కసారే పగిలేవి. తెల్లవారకముందే వాకిట్లో కళ్ళాపి, ముగ్గు, ఆ తర్వాత పెరట్లో అంట్లు... కాళ్ళు ఆరేదెప్పుడు? రాత్రి అందరి భోజనాలూ అయ్యాక అమ్మ చిన్న మూకుడు పొయ్యి మీద పెట్టి, కొబ్బరి నూనెలో నూరిన వేపాకు వేసి, సన్నని సెగ మీద కాచేది. వడగట్టి, కాస్త తేనె మైనం కరిగించి, పాత పౌడరు డబ్బా మూతలో పోసేది. ఆ వాసనకి మేం ముక్కు మూసుకునేవాళ్ళం. వారం తిరిగేసరికి మడమలు మెత్తబడేవి.

పెళ్ళయి వచ్చాక నేనూ మొదలుపెట్టాను. డిగ్రీ చదివినదాన్ని కదా, అమ్మకంటే తెలివిగా చేద్దామని, పచ్చి వేపాకు రసం తీసి కరిగిన మైనంలో కలిపేశాను. చూడ్డానికి పచ్చగా, ఎంత ముచ్చటగా ఉందో! అయిదో రోజుకి పైన బూజు. అమ్మకి ఫోన్ చేస్తే ఒకటే అడిగింది.

"చిటపటలు ఆగేదాకా కాచావా?"

"కాచడమెందుకూ?"

"తడి ఉంటే బూజు పట్టదుటే!"

లేపనానికి మొదటి శత్రువు నీళ్ళని అలా తెలిసింది. ఆకుని నీడలో గలగలలాడేలా ఎండబెట్టి వాడితే ఆ బెడదే ఉండదు.

మడమలకి ఇలా చేయండి

కొబ్బరి నూనె 60 గ్రాములు, ఆముదం 20 గ్రాములు, ఎండిన వేపాకు గుప్పెడు, పసుపు పావు చెంచా, తేనె మైనం 20 గ్రాములు. నాలుగు వంతుల నూనెకి ఒక వంతు మైనం అని గుర్తుపెట్టుకుంటే చాలు. మైనం మూలికలమ్మే కొట్లో దొరుకుతుంది. కొవ్వొత్తి మైనం వేరు, అది వద్దు.

నూనెలు గిన్నెలో పోసి, నలిపిన వేపాకు, పసుపు వేయండి. ఆ గిన్నెని మరుగుతున్న నీళ్ళ గిన్నెలో ఉంచి, సన్నని సెగ మీద గంటసేపు కాగనివ్వండి. నేరుగా మంట మీద పెడితే ఆకు మాడుతుంది, నూనె పొగలొస్తుంది. పొడి గుడ్డలో వడగట్టి, తురిమిన మైనం వేసి కరగనివ్వండి. ఒక చుక్క చల్లని పళ్ళెం మీద వేసి చూడండి. మరీ జారితే ఇంకాస్త మైనం, మరీ గట్టిపడితే ఇంకాస్త నూనె. ఎండాకాలంలో మైనం కొంచెం ఎక్కువే పడుతుంది. పొడి డబ్బాలో పోసి, పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి. వేడి మీద పెడితే ఆవిరి నీళ్ళయి మళ్ళీ బూజు!

రాత్రి గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు నానబెట్టి, తుడుచుకుని, రాసి, పాత మేజోళ్ళు తొడుక్కోండి. పసుపు మరక దుప్పటికి అంటదు.

ఒళ్ళునొప్పుల బాము

బాము అనగానే మన తెలుగువాళ్ళకి గుర్తొచ్చేది అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు గారు దాన్ని 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. ఆయనే 1908లో ఆంధ్రపత్రికనీ, 1924లో భారతినీ తెచ్చారు. కథలు రాసుకునే నాలాంటివాళ్ళు ఆ బాముకి ఒక నమస్కారం బాకీ!

ఇంట్లో చేసుకోవాలంటే నువ్వుల నూనె 80 గ్రాములు, మైనం 20 గ్రాములు కరిగించి, పొయ్యి ఆర్పేసి, కిందకి దించాక పిప్పరమెంటు పువ్వు 3 గ్రాములు, కర్పూరం 3 గ్రాములు కలపండి. కర్పూరం ఇట్టే అంటుకుంటుంది. మంట దగ్గర అసలు వద్దు. మోకాళ్ళకీ, నడుముకీ ఇది హాయి.

ఆ రాత్రి

ఈ బాము గురించి చెప్పడం ఇక్కడితో ఆపేస్తే నాకు నిద్రపట్టదు.

2019 చలికాలంలో మా తోడికోడలి పది నెలల బాబుకి జలుబు చేసింది. ముక్కు మూసుకుపోయి పాలు తాగలేక ఏడుస్తున్నాడు. నేనేదో పెద్ద వైద్యురాలిలా నా బాము తీసి గుండె మీదా, ముక్కు కిందా రాశాను. కాసేపటికి వాడికి దగ్గు తెర, ఊపిరి అందక ఎగశ్వాస. ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తాం.

"పసివాడి ముక్కు దగ్గర కర్పూరం ఎవరు రాశారు?" డాక్టరుగారు అడిగారు.

నా నోరు పెగల్లేదు. "నేనేనండీ" అంది మా తోడికోడలు.

బాబు తెల్లవారేసరికి తేరుకున్నాడు. ఇంటికొచ్చాక అత్తగారి చేత మాటలు పడింది కూడా ఆమే. నేను నిజం చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నన్నింకా పొడుస్తూనే ఉంటాయి.

రెండేళ్ళలోపు పిల్లలకి కర్పూరం, పిప్పరమెంటు పువ్వు దగ్గరికి కూడా రానివ్వకూడదని డాక్టరుగారు చెప్పారు. కర్పూరం పొరపాటున కడుపులోకి పోతే పిల్లలకి ఫిట్సు రావచ్చు. అందుకే డబ్బా అందని ఎత్తున ఉండాలి.

మరికొన్ని జాగ్రత్తలు: కొత్త లేపనమేదైనా ముందు మోచేతి మడత దగ్గర కాస్త రాసి ఒక రోజు చూడండి. చెయ్యి కాలితే ఏ లేపనమూ వద్దు, 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద ఉంచండి. షుగరు ఉన్నవాళ్ళ కాలికి పగులు వస్తే నేరుగా డాక్టరు దగ్గరికే. పాత నూనె వాసనొస్తే పారేయండి.

అప్పటినుంచి నా ప్రతి డబ్బా మీదా ఒక చీటీ ఉంటుంది. ఏమేం వేశాను, ఏ తేదీన చేశాను, ఎవరికి రాయకూడదు. అమ్మ చేతి కొలతకి చీటీ అక్కర్లేకపోయింది. నాకు కావాలి.

మొన్న మా తోడికోడలు ఖాళీ డబ్బా పట్టుకొచ్చింది. "అక్కా, మడమలది కాస్త చేసిపెట్టవూ?" అంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె చూడనట్టే తల తిప్పుకుని, "చీటీ మాత్రం మర్చిపోకు" అంది నవ్వుతూ.