అద్దంలో బొమ్మలా ఉండాల్సిన కేంద్రకాలు.. మరి ఎనర్జీ లెవెల్స్‌లో ఈ తేడా ఎందుకు?

కార్బన్-13 కేంద్రకంలో 6 ప్రోటాన్లు, 7 న్యూట్రాన్లు ఉంటాయి. నైట్రోజన్-13లో సరిగ్గా రివర్స్.. 7 ప్రోటాన్లు, 6 న్యూట్రాన్లు. ఇలాంటి జంటలనే మిర్రర్ న్యూక్లియై అంటారు. కేంద్రకాన్ని కలిపి ఉంచే బలానికి ప్రోటాన్ అయినా, న్యూట్రాన్ అయినా దాదాపు ఒకటే. కాబట్టి రెండింటి ఎనర్జీ లెవెల్స్ కూడా ఒకేలా ఉండాలి.

ఈ లెవెల్స్‌ని మెట్లు అనుకోండి. కార్బన్-13లో మొదటి మెట్టు 3.09 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తులో ఉంది. నైట్రోజన్-13లో అదే మెట్టు 2.37 దగ్గరే ఉంది! విచిత్రం ఏంటంటే, ఆ పై మెట్టులో మాత్రం పెద్ద తేడా లేదు.. 3.68, 3.50 అంతే.

ప్రోటాన్లకు చార్జ్ ఉంటుంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కదా అని అడగొచ్చు. నిజమే. కానీ అదొక్కటే అయితే మెట్లన్నీ సమానంగా పైకి జరగాలి, ఒక్క మెట్టే ఎందుకు కిందికి దిగింది?

అసలు కిటుకు ఇక్కడే ఉంది. నైట్రోజన్-13 నుంచి ఒక ప్రోటాన్ బయటపడటానికి 1.94 చాలు. అంటే 2.37 మెట్టు మీదున్న ప్రోటాన్‌ది దాదాపు గడప దాటేసిన పరిస్థితి. పైగా దాని ఆర్బిటల్ యాంగ్యులర్ మొమెంటం సున్నా, కాబట్టి లోపలే ఆపే అదనపు గోడ కూడా లేదు. అందుకే అది బయటి వరకూ విస్తరిస్తుంది. మిగతా ప్రోటాన్లకు దూరమయ్యేసరికి నెట్టుడు తగ్గి, మెట్టు కిందికి దిగుతుంది. కార్బన్-13లో న్యూట్రాన్ బయటికి రావాలంటే 4.95 కావాలి, అది లోపలే గట్టిగా ఉంటుంది. 1950ల మొదట్లో దీన్ని వివరించిన ఇద్దరి పేరు మీదే థామస్-ఎర్మాన్ షిఫ్ట్ అంటున్నారు.

ఇదంతా మనకెందుకు? భారీ నక్షత్రాల్లో కార్బన్-12 ఒక ప్రోటాన్‌ను పట్టుకుని నైట్రోజన్-13గా మారుతుంది. ఆ రియాక్షన్ వేగం ఈ మెట్టు ఎక్కడుందన్న దానిపై బాగా ఆధారపడుతుంది. ప్రోటాన్లు ఎక్కువున్న చాలా కేంద్రకాలు క్షణాల్లో మాయమైపోతాయి, నేరుగా కొలవడం కష్టం. అందుకే వాటి మిర్రర్ జంటను చూసి అంచనా వేస్తారు. షిఫ్ట్‌ని మర్చిపోతే లెక్క తప్పుతుంది.

2020లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ల్యాబ్‌లో జరిగిన ప్రయోగంలో మరో షాక్ తగిలింది. స్ట్రాన్షియం-73, బ్రోమిన్-73 జంటలో ఏకంగా అట్టడుగు మెట్టే వేరుగా ఉన్నట్టు తేలింది. అద్దం పగిలిపోయిందన్నంత హడావిడి అయితే అక్కర్లేదు. బ్రోమిన్-73లో ఆ రెండు మెట్ల మధ్య గ్యాప్ కేవలం 0.027 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. అంత దగ్గరగా ఉన్నవి అటూ ఇటూ కావడానికి చిన్న కుదుపు చాలు.