టమ్మీ టక్

కాన్పయ్యాక తగ్గని పొట్టకు చాలామంది ముందు అడిగేది లైపోసక్షన్. గాటు చిన్నది, ఖర్చూ తక్కువే. కానీ అది చర్మం కింది కొవ్వును లాగుతుందే తప్ప సాగిన చర్మాన్ని, ఎడమైన కండరాలను ముట్టుకోదు. వెల్లకిలా పడుకుని తల కాస్త ఎత్తి, బొడ్డు పైన వేళ్లు ఆనించి చూడండి. రెండు వేళ్లకు మించి సందు తగిలితే, కొవ్వు తీసినా ఆ ఉబ్బు పోదు. కండరాలను దగ్గరికి చేర్చి కుట్టి, మిగులు చర్మాన్ని కోసేసే సర్జరీయే టమ్మీ టక్. బొడ్డు కిందే వదులుంటే మినీ టక్ సరిపోవచ్చు.

కసరత్తుతో పోదా అంటే, కండరాల ఎడం చాలామందికి కాలంతోనే తగ్గుతుంది. నార్వేలో 300 మంది తొలిచూలు తల్లులపై 2016లో వెలువడిన అధ్యయనంలో అది ఆరు వారాలకు 60 శాతం మందిలో, ఏడాదికి మూడో వంతు మందిలోనే కనిపించింది. అందుకే తొందర తగదు. వేలాడే చర్మం మాత్రం ఏ వ్యాయామానికీ లొంగదు. ‘సిజేరియన్‌తోపాటే చేయించేస్తే ఒక్క మత్తుతో అయిపోతుందిగా’ అనే లెక్క వినడానికి బాగానే ఉంటుంది. అప్పటికింకా గర్భసంచి ముడుచుకోదు, చర్మం సర్దుకోదు, ఎంత కోయాలో తేలదు. మళ్లీ గర్భం వస్తే కుట్టిందంతా సాగొచ్చు కనుక పిల్లలు చాలనుకున్నాక, పాలు మాన్పించి కొన్ని నెలలు ఆగాకే ఆలోచించాలి. తుంటి నుంచి తుంటి దాకా మిగిలే మచ్చ గురించి, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు గురించి డాక్టరు చెప్పకపోతే మనమే అడగాలి.