పల్లం నడిపిన పడవలు

కృష్ణా గోదావరులు యుగాలుగా తెచ్చి పోసిన ఒండ్రుమట్టితో వాటి డెల్టాలు రెండూ మెరకలుగా లేచిన తరువాత వాటి నడుమ పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులన్నీ అందులోకి చేరగా, నిండిన నీరు ఉప్పుటేరు గుండా సుమారు 60 కిలోమీటర్లు సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని పక్కనున్న ఏలూరు ప్రాంతపు కుటుంబాలు తరతరాలుగా నీటి మీద సాగించిన ప్రయాణాలు ఎటు సాగాలో, ఎంతసేపట్లో ముగియాలో చాలావరకు ఈ పల్లమే నిర్ణయించింది.

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లోను, కృష్ణ మీద బెజవాడ (నేటి విజయవాడ) ఆనకట్ట 1855లోను పూర్తయ్యాక తవ్విన కాలువలు పొలాలకు నీరివ్వడానికే గాక పడవలు నడపడానికి కూడా ఉద్దేశించినవి. గోదావరి నుంచి బయలుదేరిన ఏలూరు కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెంల మీదుగా పడమటికి పారుతుంది. అదే పేరుతో కృష్ణ నుంచి వచ్చే కాలువ బెజవాడలో మొదలై తూర్పుకు పారుతుంది. రెండూ కొల్లేటి పల్లం వైపు వాలుతూ ఏలూరు దగ్గర కలుసుకుంటాయి. అందువల్ల ఏ దిక్కు నుంచి వచ్చిన కుటుంబానికైనా ఏలూరు దాకా వాలు ప్రయాణమే, ఏలూరు దాటితే ఎదురు ప్రయాణమే. వాలులో ప్రవాహమే పడవను మోసుకుపోయేది; ఎదురులో గాలి కలిసివస్తే తెరచాప ఎత్తేవారు, లేకుంటే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు భుజాన వేసుకుని లాగేవారు. లోపల కూర్చున్నవారి ప్రయాణ వేగం గట్టు మీద లాగేవారి నడక వేగమే గనుక, నేడు రైలు గంటా గంటన్నరలో దాటే దూరానికి ఒక పగలో, ఒక్కోసారి ఒక పగలూ రాత్రీనో పట్టేది.

అంత సమయం గడపవలసిన చోటు కాబట్టి పడవ కొంతవరకు ఇల్లుగా మారక తప్పలేదు. వెదురు బద్దల మీద తడికలు వంచి కప్పిన గూటి పడవలో ఆడవారు, పిల్లలు, వృద్ధులు ఎండకూ వానకూ చాటుగా కూర్చునేవారు. వంట పడవలోనే జరిగేది, లేదా పడవ ఆగినచోట గట్టు మీద రాళ్ల పొయ్యి పెట్టుకునేవారు. ఆగే చోట్లలో ముఖ్యమైనవి లాకులు. కాలువ నేల వాలును మెట్లుమెట్లుగా దిగే చోట, రెండు జతల తలుపుల మధ్య పడవను నిలిపి, నీటిని నింపి గానీ వదిలి గానీ దానిని పై మట్టానికో కింది మట్టానికో చేర్చే కట్టడాన్ని లాకు అంటారు. ముందున్న పడవల వంతు అయ్యేదాకా ఎదురుచూడవలసి వచ్చేది గనుక, స్నానాలకూ భోజనాలకూ అనువైన వ్యవధి అక్కడే దొరికేది. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టివేసినప్పుడు ఈ ప్రయాణాలన్నీ ఆగిపోయేవి.

ఏలూరు కాలువ ఒంటరిది కాదు. కాకినాడ నుంచి రాజమహేంద్రవరానికి 50 కిలోమీటర్లు, అక్కడి నుంచి విజయవాడకు ఏలూరు కాలువ మీద 139, ఆపైన కొమ్మమూరు కాలువ మీద పెదగంజాం దాకా 113 కిలోమీటర్లు వెళితే, మద్రాసుకు పోయే బకింగ్‌హామ్ కాలువ అందుకుంటుంది. అంటే ఒక తెలుగు కుటుంబం తీరం వెంబడి వందల కిలోమీటర్లు, సముద్రపు అలల్లోకి ఒక్కసారైనా దిగకుండా పిల్లాజెల్లాతో పడవలో వెళ్లగలిగేది. తుఫానుల తీరంలో ఇది చిన్న సౌకర్యం కాదు. 1890లలో రైలు వచ్చాక దూర ప్రయాణికులు క్రమంగా అటు మళ్లారు, బరువులు మాత్రం చాలాకాలం కాలువనే నమ్ముకున్నాయి.

కొల్లేటి లంకల్లో పడవ అవసరం ఇంతకంటె గాఢమైనది. అక్కడ అది ఎప్పుడో చేసే ప్రయాణానికి కాక ప్రతి పూటకూ కావలసినది. లంక అంటే చుట్టూ నీరున్న మెరక. అక్కడి మత్స్యకార కుటుంబాలకు చేపలవేటకు పోవాలన్నా, రోగిని వైద్యుడి దగ్గరకు చేర్చాలన్నా, పెళ్లికూతురిని సాగనంపాలన్నా పడవే దారి. తాటిమాను తొలిచి చేసిన దోనెను, లోతు తక్కువైన సరస్సు గనుక, తెడ్డు కంటె గడతో నడపడమే సులువు. పొడవాటి వెదురు గడను అడుగున ఆనించి నెడుతూ, కిక్కిస పొదల మధ్య దారి పోల్చుకోవడం పిల్లలకు చిన్నతనంలోనే పట్టుబడేది. తెల్లవారకముందే మావులు, అంటే వెదురుతో అల్లిన చేపల బోనులు, ఎత్తి చూసి, పట్టిన కొర్రమీను, జెల్ల వంటివాటిని ఒడ్డుకు చేర్చాలి. అక్కడి నుంచి అమ్మకం చాలావరకు ఆడవారి చేతిలో ఉండేది. సంపాదించే పనిలో ఇంటిల్లిపాదీ ఒకే దోనె మీద ఆధారపడిన జీవితమది.

ఫాల్గుణ మాసంలో ఇవే పడవలు యాత్రా పడవలయ్యేవి. జలదుర్గగా కొలిచే పెద్దింట్లమ్మ జాతరకు, లంకల్లో ఒకటైన కొల్లేటికోట చేరడానికి, వంటపాత్రలూ మొక్కుబడి సామగ్రీ ఎక్కించుకుని కుటుంబాలు నీటి మీదుగా వచ్చేవి. వేసవి ముంగిట నీరు తగ్గుతూ ఉండే కాలం కావడంతో, ఏ దారిలో అడుగు తగలకుండా పోవచ్చో తెలిసిన మనిషి ప్రతి పడవకూ అవసరమే.

ఆ తెలివికి నేడు పని తగ్గింది. 1976లో మత్స్యకార సహకార సంఘాల కోసం ప్రభుత్వం చేపల చెరువులు తవ్వించగా, తరువాతి దశాబ్దాలలో సంపన్నుల పెట్టుబడితో చెరువుగట్లు సరస్సంతటా వ్యాపించి నీటిదారులను ముక్కలు చేశాయి. మిగిలిన దారులను గుర్రపుడెక్క కప్పివేసింది. 1999లో ఐదవ కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత లోపలి ప్రాంతాన్ని, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యం లోపలి అనేక చెరువుల గట్లు కొట్టివేశారు. మరోవైపు రోడ్లూ వంతెనలూ రావడం లంకల ప్రజలకు న్యాయంగా దక్కవలసిన మేలే. ప్రసవ వేదనలో ఉన్న స్త్రీని దోనెలో తీసుకుపోయిన రోజులు తిరిగి రావాలని ఎవరూ కోరరు. అయినా రోడ్డు వేసినంత మాత్రాన నీటిదారి మూసుకుపోనవసరం లేదు. రోడ్డు గట్టు కింద వెడల్పైన ఖానాలు విడిస్తే రెండూ సాగుతాయి.

2008లో కాకినాడ నుంచి మద్రాసు వైపు సాగే ఆ కాలువలను గోదావరి, కృష్ణా నదుల భాగాలతో కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఆ ప్రణాళికలో సరకు రవాణాకు దక్కిన చోటు కుటుంబాల ప్రయాణానికి దక్కలేదు. సరకైనా, మనుషులైనా పడవ కదలాలంటే ముందు తీరవలసిన అడ్డంకులు ఒకటే: పడవలు ఆగిపోయిన తరువాత కాలువలపై కట్టిన తక్కువ ఎత్తు వంతెనలు, పాడుబడిన లాకు తలుపులు, పూడిక. వీటిలో లాకుల మరమ్మతు ముందు జరగాలి. ఎందుకంటే లాకు పనిచేయని కాలువలో పడవకు ఏలూరు దాకా దిగిరావడానికీ, మళ్లీ పైకి ఎక్కడానికీ మార్గం ఉండదు.