యురేనియం గురించి పిల్లలు అడిగితే...



మన ఆలూరు నియోజకవర్గంలోని కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం 68 బోర్లు వేయాలన్న ప్రతిపాదనపై 2024లో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రోడ్డెక్కారు. నవంబరులో అధికారులు ఆ పని ఆపుతున్నట్టు ప్రకటించారు. పిల్లలు అడిగితే ఇలా చెప్పండి.

అన్వేషణ వేరు, గని వేరు. అన్వేషణలో బోరు వేసి, లోపలి రాతిని బయటికి తీసి పరీక్షిస్తారు. ఖనిజం చాలినంత ఉంటేనే గని మాట వస్తుంది.

మరి జనం ముందే ఎందుకు అడ్డుపడ్డారు? కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. అక్కడి వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు, అరటి తోటలు పాడయ్యాయని రైతులు ఏళ్లుగా అంటున్నారు. యుసిఐఎల్ సంస్థ కాదంటోంది. వానలు తక్కువైన మన సీమకు భూగర్భ జలమే ఆధారం కాబట్టి, ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోలేం.

ఇంకో సంగతి. గని లేకపోయినా రాతినేలల్లోని బోరు నీళ్లలో యురేనియం సహజంగానే ఉండొచ్చు. తాగే నీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదు. నీళ్లు కాచినా అది పోదు. మీ ఇంట్లో బోరు నీళ్లే తాగుతుంటే పరీక్ష చేయించండి. యురేనియం కూడా చూడమని ప్రత్యేకంగా అడగండి. వచ్చిన రిపోర్టును పిల్లలచేతే చదివించండి.