రూపాయికి ముస్తఫా

మైపాడు నుంచి నెల్లూరు పాతిక కిలోమీటర్లు. 1990లలో మా తీరమంతా రొయ్యల గుంటలు తవ్వుతున్న రోజులవి. మేత బస్తాలకో, మందులకో నాన్న టౌనుకు బయల్దేరితే నేనూ వెంటపడి బస్సెక్కేవాణ్ణి. ఆయన కొట్ల వెంట తిరిగి పని ముగించుకునేలోపు, నేను సినిమా హాలు పక్క సందులో ఉన్న వీడియో గేమ్ షాపులో దూరేవాణ్ణి. రేకుల కప్పు, ఒకే ఒక్క ఫ్యాను, చెమట వాసన, గోడవారగా నాలుగు చెక్క పెట్టెలు. మూడు పెట్టెల ముందు ఒకరిద్దరే ఉండేవాళ్లు. నాలుగోదాని చుట్టూ మాత్రం ఎప్పుడు వెళ్లినా పదిమంది మూగి ఉండేవాళ్లు.

ఆ ఆట అసలు పేరు ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. ఆ పేరు పలికిన పిల్లాణ్ణి ఆ షాపులో నేను చూడలేదు. అందరికీ అది ‘ముస్తఫా’. నెల్లూరులోనే కాదు, మన దేశంలో ఎన్నో ఊళ్లలో ఆ తరం వాళ్లు ఆ పేరుతోనే దాన్ని గుర్తుపడతారు. ఆటలో నలుగురు వీరులుంటారు. జాక్, హన్నా, మెస్, టోపీ పెట్టుకున్న ముస్తఫా. మన వీధుల్లో వినిపించే పేరు అతనిదొక్కటే. దానికి తోడు 1996లో వచ్చిన ‘ప్రేమదేశం’ సినిమా పాటతో ముస్తఫా అంటే స్నేహితుడు అన్నంతగా ఆ పేరు కుర్రాళ్ల నోళ్లలో నానింది.

తన్నడం, గుద్దడం, కాల్చడం తప్ప దాదాపు ఇంకో పని లేని ఆట అది. అలాంటిది మమ్మల్ని అంతగా ఎందుకు పట్టేసింది? అందులో నిజంగా చెడ్డది ఏమిటి? ఫోను పట్టుకున్న పిల్లల్ని చూసి కంగారుపడే నేటి తల్లిదండ్రులకు ఈ రెండు ప్రశ్నలూ పనికొస్తాయి.

దెబ్బలో ఉన్న కిటుకు

ఈ ఆటను జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. ఎడమ నుంచి కుడికి నడుస్తూ ఎదురొచ్చినవాణ్ణల్లా కొట్టుకుంటూ పోయే ఈ తరహా ఆటల్లో ఆ కంపెనీ అప్పటికే ఆరితేరింది. 1989 నాటి ‘ఫైనల్ ఫైట్’ కూడా దానిదే.

తెర మీద బొమ్మలు సెకనుకు దాదాపు 60 సార్లు మారుతుంటాయి. ముస్తఫా ఎగిరి తన్నిన కాలు శత్రువుకు తగిలిన క్షణంలో, కొట్టినవాడూ తిన్నవాడూ ఇద్దరూ కొన్ని బొమ్మల సేపు బిగుసుకుపోతారు. రెప్పపాటు కన్నా తక్కువ సమయం అది. కంటికి తెలియదు కానీ ఒంటికి తెలుస్తుంది. ఆ చిన్న ఆగుడే దెబ్బకు బరువు తెస్తుంది. దానికి ఫెళ్లుమనే చప్పుడు తోడైతే, బొత్తాం నొక్కిన వేలికి నిజంగానే ఏదో తగిలినట్టుంటుంది. కత్తులు, తుపాకులు తెర మీద ఎన్ని ఉన్నా, మమ్మల్ని కట్టిపడేసింది ముందుగా ఈ పనితనం.

రెండోది, నేర్చుకునే కొద్దీ ఫలితం కనబడటం. ముస్తఫా వేగం, మెస్ బలం, హన్నా ఆయుధాల నేర్పు, జాక్ అన్నీ సమపాళ్లలో. ఎవరిని ఎంచుకుంటే ఎలా ఆడాలో చేతికి అలవాటు కావాలి. పీపా పగలగొడితే తిండి దొరకొచ్చు, తుపాకీ దొరకొచ్చు. గుండ్లు అయిపోతే తుపాకీనే విసిరికొట్టొచ్చు. రెండు బొత్తాలు కలిపి నొక్కి చేసే ప్రత్యేక దెబ్బ చుట్టూ మూగినవాళ్లను ఎగరగొడుతుంది. కానీ తగిలితే మన లైఫ్ కూడా కొంత తగ్గుతుంది. ఎప్పుడు వాడాలో, ఎప్పుడు ఓర్చుకోవాలో లెక్క వేసుకోవాల్సిందే. మొదటి వారం రెండో స్టేజీ దాటనివాడు నెల తిరిగేసరికి అయిదో స్టేజీ చూస్తాడు. బళ్లో మార్కులు అంత తొందరగా పెరగవు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. ఈ పెట్టె ముందు ఒకేసారి ముగ్గురు నిలబడి ఆడొచ్చు. భుజాలు రాసుకుంటూ, పక్కవాడి మోచేయి తగులుతూ ఆడాలి. “లైఫ్ అయిపోతోందిరా, ఆ మాంసం నాకొదిలెయ్” అని ఒకడు అరిస్తే, తనకు అవసరమైనా వదిలేసేవాడు ఇంకొకడు. వెనక నిలబడ్డవాళ్లలో చేతిలో బిళ్ల లేనివాళ్లే ఎక్కువ. వాళ్లు చూస్తూ నేర్చుకునేవాళ్లు, ఆడేవాళ్లకు దారి చెప్పేవాళ్లు. పల్లెపాలెం పిల్లాడూ, టౌను లాయరు గారబ్బాయీ ఒకే తెర మీద ఒకే గుంపును ఎదుర్కొన్న చోటు అది.

లోపాలు ఎక్కడున్నాయి

ముస్తఫాను ప్రేమించినవాడిగానే దాని లోపాలూ చెప్పాలి.

మొదటిది డబ్బు. ఈ ఆట పిల్లాడి సరదా కోసమే తయారైంది కాదు, బిళ్లలు రాలడానికి తయారైంది. ఒకే మనిషి గంటలకొద్దీ ఒక్క రూపాయితో ఆడితే షాపు నడవదు. అందుకే ఒక దశ దాటాక శత్రువులు నాలుగు వైపుల నుంచీ ఒక్కసారి విరుచుకుపడతారు. నేర్పు సగం కాపాడితే మిగతా సగం బిళ్లే కాపాడాలి. ప్రాణం పోగానే తెర మీద అంకెలు ఒక్కొక్కటే తగ్గుతూ ఉంటాయి. ఆ కొద్ది సెకన్లలోనే ఇంకో రూపాయి వేయాలా వద్దా తేల్చుకోవాలి. పదేళ్లవాడికి అది న్యాయమైన సమయం కాదు. రొయ్యలకు వచ్చే తెల్లమచ్చల తెగులు మా తీరంలో గుంటలకు గుంటలను తుడిచిపెట్టిన ఏడాది కూడా, బస్సు చార్జీకి దాచిన డబ్బు ఆ పెట్టెలో వేసి, నాన్న ముందు తలొంచుకు నిలబడ్డ రోజు నాకుంది.

రెండోది, అదే దెబ్బ, అదే మనిషి. చొక్కా రంగు, పేరు మార్చి అవే బొమ్మలను మళ్లీ మళ్లీ పంపిస్తారు. మూడో స్టేజీలో కారు నడిపే భాగం తప్పితే చేసే పని మారదు. పక్కన స్నేహితుడు లేకపోతే ఈ ఆట అరగంటలో విసుగు పుట్టిస్తుంది.

మూడో లోపం లోతైనది. ఈ కథకు మూలం అమెరికన్ చిత్రకారుడు మార్క్ షుల్ట్జ్ 1980ల చివర్లో గీసిన బొమ్మల కథలు. ప్రకృతిని చెడగొట్టి మనిషి భూగర్భంలో దాక్కోవాల్సి వచ్చింది, తిరిగి పైకొచ్చేసరికి డైనోసార్లు భూమిని ఏలుతున్నాయి, ఇక వాటితో సర్దుకుని బతకాలి. ఇదీ ఆయన ఆలోచన. ఆటలో మన వీరులు పోరాడేది కూడా ఆ జంతువులను వేటాడే ముఠాలతోనే. కానీ ఆడుతున్నప్పుడు ఇదేదీ చేతికి అందదు. ఎదురొచ్చిన జంతువునూ కొడతాం, ఆట మనల్ని ఆపదు. కింద పడ్డ మనిషి రెండు సార్లు మిణుకుమని మాయమవుతాడు. దెబ్బ తిన్నవాడికి నొప్పి లేదు, ఇల్లు లేదు, ఏడ్చేవాళ్లు లేరు. దెబ్బకు అంత బరువు తెచ్చిన పనితనం, దెబ్బ తర్వాత మిగిలేదాన్ని మాత్రం పూర్తిగా చెరిపేసింది.

ఆడితే రౌడీలవుతారా

ఈ భయం కొత్తది కాదు. 1992లో వచ్చిన ‘మోర్టల్ కాంబాట్’ ఆటలో కారే నెత్తురు చూసి అమెరికా సెనేట్ 1993 డిసెంబరులో విచారణ పెట్టింది. దాని ఫలితంగానే ఏ వయసువాళ్లకు ఏ ఆట తగునో చెప్పే రేటింగ్ సంస్థ 1994లో అక్కడ ఏర్పడింది.

పరిశోధనలు చెప్పేది జాగ్రత్తగా వినాలి. హింసాత్మక ఆటలకూ అరవడం, తోయడం లాంటి దుడుకుతనానికీ మధ్య చిన్న సంబంధం కనిపిస్తోందని, నిజమైన హింసకు అవే కారణమనడానికి మాత్రం తగిన ఆధారం లేదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో చెప్పింది. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 14, 15 ఏళ్ల బ్రిటిష్ పిల్లలను వెయ్యిమందికి పైగా పరిశీలిస్తే, అలాంటి ఆటలకూ దుడుకు ప్రవర్తనకూ సంబంధం తేలలేదు. మరోవైపు, ఆటను అదుపు చేసుకోలేక చదువు, నిద్ర, ఇంటి మనుషులు అన్నీ వెనక్కిపోయే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టికలో చేర్చింది. 2022 నుంచి అది అమల్లో ఉంది. అంటే మనం ముందుగా చూడాల్సింది తెర మీది తుపాకీని కాదు. ఆట ఎప్పుడు ఆగుతోంది, ఎవరితో సాగుతోంది అన్నది.

పెట్టె నుంచి ఫోనుకు

2016లో చవక డేటా వచ్చాక, రాత్రిళ్లు రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే కుర్రాడి చేతిలోనూ ఆట ఉంది. పబ్జీ అనే తుపాకుల ఆటను కేంద్రం 2020 సెప్టెంబరులో నిషేధించింది. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. నెత్తురు రంగును ఆకుపచ్చగా మార్చారు. 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు 3 గంటల హద్దు పెట్టారు. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ అనే మరో ఆట వంతు వచ్చింది, అదీ నిషేధంలో పడింది. ఒక ఏడాది నిషేధం, మరో ఏడాది తిరిగి రాక. ఆట వయసు అడిగిన చోట నాన్న ఫోన్ నంబరు ఇచ్చేస్తే ఆ 3 గంటల హద్దు కూడా నిలవదు.

ముస్తఫాతో పోల్చితే మారిందేమిటో ఇక్కడే తెలుస్తుంది. జేబులో బిళ్ల అయిపోతే మా ఆట ఆగేది. షాపు మూస్తే ఆగేది. ఆఖరి బస్సు టైమైతే ఆగేది. ఎనిమిది స్టేజీలు దాటితే ఆటే అయిపోయేది. ఫోనులో ఆటకు చివరి స్టేజీ లేదు. ఒక మ్యాచ్ ముగిసేలోపే ఇంకోటి సిద్ధం. రూపాయి బిళ్ల కనబడేది, ఈ ఆటల్లో డబ్బు పెట్టి కొనే యూసీలూ డైమండ్లూ కనబడవు. కనబడని డబ్బు ఎంత పోయిందో పిల్లాడికీ తెలియదు, ఆలస్యంగా తప్ప ఇంటికీ తెలియదు. అవతల వందమంది ఆడుతున్నా, మోచేయి తగిలే మనిషి ఒక్కడూ పక్కన ఉండడు.

ముస్తఫా గొప్పదనం ఆటలో సగమే ఉంది. మిగతా సగం ఆ ఇరుకు షాపులో, ఆ గుంపులో, అయిపోయే రూపాయిలో ఉంది. పాత షాపులను తిరిగి తెరవలేం. ఆ సగాన్ని మాత్రం ఇంట్లో తిరిగి తేవచ్చు. రోజుకు ఎంతసేపో ముందే పిల్లలతో కూర్చుని మాట్లాడుకోండి, డబ్బు కట్టే దారి మీ చేతిలో ఉంచుకోండి. వారానికి ఒక్కసారైనా పక్కన కూర్చుని, నాకూ నేర్పు అని అడగండి. కింద పడ్డవాడు ఎక్కడికి పోయాడు అని ఆట అడగదు. ఆ ప్రశ్న అడగాల్సింది పక్కన కూర్చున్న మనమే.